పారబోసిన బుట్టల లెక్క

పోయిన నెల ఈ శీర్షికలో, వేట బోట్ల మీద పరిశీలకురాలిగా పదకొండేళ్లు పనిచేశానని ఒక మాట రాశాను. బోటు ఒడ్డుకు తెచ్చిన చేపను లెక్కపెట్టేవాళ్లు వేరే ఉంటారు, తిరిగి నీళ్లలో పారబోసినదాన్ని లెక్కపెట్టడం నా ఉద్యోగం అని కూడా రాశాను. ఆ ఒక్క వాక్యానికి వచ్చినన్ని ఉత్తరాలు తిమింగలాల నిద్ర గురించి రాసిన రెండు పేజీలకు రాలేదు. సరే, తిమింగలాలను నిద్రపోనిద్దాం. ఈసారి జవాబులన్నీ పారబోత గురించే.

*

ఫోనులో ఒక వీడియో చూశాను. బోటు మీద నలుగురు మనుషులు పారలతో చేపల్ని సముద్రంలోకి తోసేస్తున్నారు. అంత కష్టపడి పట్టినదాన్ని ఎందుకు పారేస్తారు? వాళ్లకు మనసెలా ఒప్పుతుంది? (ఒక గృహిణి)

ఒప్పదండీ. వీడియో తీసినవాడు పారను చూపించాడు గానీ, పార పట్టినవాడి ముఖం చూపించి ఉండడు. చేపను పట్టి బతికేవాడికి చేపను పారేయడం కంటే చేదు పని లేదు. అయినా పారేస్తాడు. గుట్ట డెక్కు మీద పడ్డాక అతని చేతిలో మిగిలేది ఆ పని ఒక్కటే.

వల పైకి రావడం ఎలా ఉంటుందో చెబుతాను. మూడు నాలుగు గంటలు సముద్రపు నేలను రాసుకుంటూ వచ్చిన ట్రాల్ వలను యంత్రం మూలుగుతూ పైకి చుట్టుకుంటుంది. వల చివరి సంచి డెక్కు మీద వేలాడుతూ నీళ్లు కారుస్తుంది. ఒక కళాసీ వంగి దాని కిందికి వెళ్లి, ముడి తాడును ఒక్క గుంజు గుంజి పక్కకు దూకుతాడు. ముందు నీళ్లు పడతాయి, ఆ వెనక బురద, ఆ వెనక దభాలున చేప. మోకాలెత్తు గుట్ట. బోటు ఏ చేప కోసం వచ్చిందో ఆ చేప అందులో ఉంటుంది. దానితోపాటు పీతలు, నక్షత్ర చేపలు, రాళ్లు, అరచేతిలో పట్టే పిల్ల చేపలు, ఎవరూ పేరు పెట్టి పిలవని సన్నటి ముళ్ల చేపలు, ఒక పాత బూటు. బూటు మాట అతిశయోక్తి కాదు. ఎడమ కాలిది. రెండేళ్ల తర్వాత ఇంకో బోటు మీద ఇంకొకటి పడింది, అదీ ఎడమదే.

ఆ గుట్టలోంచి పారేసే ప్రతిదానికీ దాని కారణం దానికుంటుంది. నక్షత్ర చేపను కొనే నాథుడు లేడు. పిల్ల చేప ఫలానా కొలతకంటే చిన్నది కాబట్టి అమ్మడానికి చట్టం ఒప్పుకోదు. ఇంకొకటి కొలతకు సరిపోయింది, ధర కూడా పలుకుతుంది, కానీ ఆ జాతిలో ఈ బోటు ఇంత బరువే పట్టాలని ఇచ్చిన కోటా పోయిన వారమే అయిపోయింది. మరొకటి పైవాటి బరువుకు నలిగిపోయింది. కొన్నింటినైతే ఆ రకం వలతో పట్టే హక్కే బోటుకు ఉండదు. అలాస్కా సముద్రంలో అడుగు ట్రాల్ బోట్లకు హాలిబట్ అలాంటి చేప. మనిషంత పొడవున్నా సరే, తిరిగి నీళ్లలోకే వేయాలి. ఉంచుకుంటే లాభం లేదని తెలిస్తే దాని జోలికి పోరన్నది ఆ నియమం పెట్టినవాళ్ల ఆలోచన. హాలిబట్‌కు ఆ సంగతి ఎవరూ చెప్పరు గనుక అది వలలోకి వస్తూనే ఉంటుంది.

నాకు ఒళ్లు మండించే కారణం ఇంకొకటుంది. బోటుకు పది టన్నుల కోటా ఉందనుకోండి. మొదటి రోజు మధ్యరకం చేప ఆరు టన్నులు పడింది, మంచు వేసి కింది గదిలో సర్దారు. మూడో రోజు పెద్ద చేపలు పడ్డాయి, కిలోకు చాలా ఎక్కువ పలికేవి. కోటా బరువును చూస్తుంది, ధరను చూడదు. కాబట్టి సరంగు, అంటే బోటు నడిపే పెద్ద, మొదటి రోజు చేపను బుట్టలతో పైకి తోడించి సముద్రంలో పోయించి, ఆ ఖాళీలో పెద్దవాటిని నింపుతాడు. నా కళ్ల ముందు ఒకసారి ఇది జరిగింది. మూడు రోజులు మంచులో ఉండి, మచ్చ లేకుండా, అంగడికి పోవడానికి సిద్ధంగా ఉన్న చేప. రైలింగు పక్కన నిలబడి పెన్సిల్‌తో గీతలు పెట్టుకుంటూ నలభై మూడు బుట్టలు లెక్కపెట్టాను. ఆ సరంగు దుర్మార్గుడేమీ కాదు. అంతకు ముందు వారం నాకు జ్వరం వస్తే తన పడక నాకిచ్చి తాను చుక్కాని గదిలో కూర్చుని కునుకు తీశాడు. కోటా రాసిన తీరుకు ఆ పది టన్నుల్లో ఎక్కువ డబ్బు తెచ్చే దారి అదే, అతను ఆ దారిన పోయాడు. నన్నడిగితే ఆ నలభై మూడు బుట్టల్లో సగమైనా కోటా రాసినవాళ్ల బల్ల మీద పోయాలి.

*

మా పుస్తకంలో బైకాచ్ అని ఉంది, మీరు పారబోత అంటున్నారు. రెండూ ఒకటేనా? ప్రపంచం మొత్తం మీద ఎంత పారేస్తున్నారు? (ఒక విద్యార్థి)

ఒకటి కాదు నాయనా. నువ్వు రొయ్యల కోసం వల వేస్తే, రొయ్యలతోపాటు పడినదంతా బైకాచ్. అందులో అమ్ముడుపోయే చేప ఉంటే ఉంచుకుంటావు, అది బైకాచే గానీ పారబోత కాదు. మరోవైపు, పైన చెప్పిన ఆరు టన్నుల చేప బైకాచ్ కాదు, కావాలని పట్టినదే, అయినా పారబోత అయింది.

అంకెలంటావా, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ మూడుసార్లు లెక్క వేయించింది. 1994 నివేదికలో ఏటా 2 కోట్ల 70 లక్షల టన్నులు. 2005 నివేదికలో 73 లక్షల టన్నులు. 2019 నివేదికలో 91 లక్షల టన్నులు, అంటే సముద్రంలో పట్టిన మొత్తంలో దాదాపు 11 శాతం. అందులో సగానికి కాస్త తక్కువగా, 42 లక్షల టన్నులు, ఒక్క అడుగు ట్రాల్ వలలదే. ఉష్ణమండలంలో రొయ్యల కోసం లాగే ట్రాల్ అయితే మరీ ఘోరం. 2005 లెక్క ప్రకారం ఆ బోట్లు పట్టినదాంట్లో సగానికి పైగా తిరిగి సముద్రం పాలే.

రెండు కోట్ల డెబ్బై లక్షలు ఒక్కసారిగా డెబ్బై మూడు లక్షలెలా అయ్యాయని నువ్వు అడగాలి. అడగలేదు కాబట్టి నేనే చెబుతాను. లెక్కించే పద్ధతి మారింది, అందువల్ల ఆ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి తీసివేత చేయకూడదు. వలలు కొంత మెరుగయ్యాయి, అదీ నిజమే. అయితే మరో కారణం ఉంది. ఆసియా దేశాల్లో ఒకప్పుడు పారబోసిన చెత్త చేపను ఇప్పుడు ఒడ్డుకు తెచ్చి, ఎండబెట్టి, పొడి కొట్టి కోళ్లకూ చెరువుల్లోని రొయ్యలకూ మేతగా వేస్తున్నారు. పారబోత పట్టికలో ఆ అంకె తగ్గింది. పట్టిక రాసేవాళ్లకు సంతోషం. వేలెడంత పిల్ల చేపకు మాత్రం సముద్రంలో చచ్చినా మేత గోదాములో చచ్చినా తేడా లేదు. పైగా దానికో ధర వచ్చి కూర్చుంది గనుక, ఇక దాన్ని తప్పించే వల కొనమని సరంగును ఒప్పించడం ఎవరి తరం?

*

తిరిగి నీళ్లలోనే వేస్తున్నారు కదా, ఈదుకుంటూ పోవా? (ఒక పాఠకుడు)

కొన్ని పోతాయి. ఏవి పోతాయో తేల్చడానికే నా జీవితంలో రెండేళ్లు ఒక నీలం రంగు ప్లాస్టిక్ తొట్టె ముందు మోకాళ్ల మీద గడిచాయి.

ముందు పోలేని వాటి సంగతి. చాలా చేపల కడుపులో గాలితిత్తి ఉంటుంది. నీళ్లలో తేలకుండా, మునగకుండా ఒక లోతులో నిలబడడానికి అదే ఆధారం. కాడ్ లాంటి చేపల్లో ఆ తిత్తికి బయటికి దారి ఉండదు, గాలి రక్తంలోకి ఇంకి మెల్లగా పోవాల్సిందే. తొంభై మీటర్ల లోతులో ఒత్తిడి ఉపరితలం మీద ఉన్నదానికి పది రెట్లు. ఆ లోతు నుంచి వల కొద్ది నిమిషాల్లో పైకి లాగేస్తుంది. ఒత్తిడి పదో వంతుకు పడిపోతే తిత్తిలోని గాలి పది రెట్లు ఉబ్బాలి. అంత చోటు చేప ఒంట్లో ఎక్కడిది? తిత్తి పగులుతుంది, లేదా పక్కనున్న పొట్టను నోట్లోంచి బయటికి తోస్తుంది. చేప నోట్లో గులాబీ రంగు బుడగ ఒకటి కనిపిస్తే, అది నాలుక అనుకునేరు, పొట్ట. కళ్లు గుడ్లు వెళ్లబెట్టినట్టు పైకి పొడుచుకొస్తాయి. అలాంటిదాన్ని నీళ్లలో వేస్తే మునగలేదు కూడా, వెల్లకిలా తేలుతూ ఉంటుంది. తక్కిన పని పక్షులు చూసుకుంటాయి.

పోగలిగేవి గాలితిత్తి లేనివి. పెద్దయ్యాక నేల మీద బల్లపరుపుగా పడుకునే ప్లైస్ లాంటి చప్పిడి చేపలకు అది ఉండదు, సొరలకూ ఉండదు. నా నీలం తొట్టె వీటి కోసమే. చప్పిడి చేపను నీళ్లలో వెల్లకిలా పెట్టాలి. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాలి. అయిదు లోపల తనంతట తాను బోర్లాపడితే ఒక గుర్తు. తోక పట్టుకుంటే గుంజుకుంటే ఇంకో గుర్తు. మొప్ప మూత ఆడుతుంటే మరొకటి. గుర్తులు ఎన్ని తగ్గితే బతికే ఆశ అంత తక్కువ. ఒకే వలలోంచి వచ్చి, డెక్కు మీద పది నిమిషాలున్న చేపకూ నలభై నిమిషాలున్న చేపకూ పోలికే ఉండేది కాదు. మొదటిది చేతిలోంచి జారి తొట్టె అంచు దాటి నా ఒళ్లో పడేది. రెండోది వెల్లకిలా పెడితే వెల్లకిలాగే, మర్యాదగా ఉండిపోయేది. ఎండ, వల ఎంతసేపు లాగారన్నది, సంచిలో పైన ఎంత బరువు పడిందన్నది, ఇవన్నీ ఆ అయిదు లెక్కపెట్టేలోపే తెలిసిపోయేవి.

డెక్కు మీద అడుగే పెట్టని పారబోత కూడా ఒకటుంది. పెద్ద చుట్టువలతో మాకరెల్ గుంపును చుట్టేస్తారు. నమూనా తీసి చూసి చిన్నవని తేలితే వల అంచు దించి వదిలేస్తారు. అన్నీ హాయిగా ఈదుకుంటూ పోయినట్టే కనిపిస్తాయి. కానీ వల బిగిసినప్పుడు ఆ ఒత్తిడిలో ఒకదాన్నొకటి రాసుకుని చర్మం ఊడిపోయి ఉంటుంది. వాటిలో చాలా భాగం తర్వాతి రోజుల్లో చస్తాయి. అప్పటికి బోటు ఎంతో దూరంలో ఉంటుంది, ఎవరి పుస్తకంలోనూ ఎక్కవు.

*

పారేయడం ప్రతిసారీ తప్పేనా? (అదే పాఠకుడు, అదే కార్డు వెనక వైపు)

కాదు. అమెరికాలో మెయిన్ రాష్ట్రపు లాబ్‌స్టర్ వేటగాళ్లు గుడ్లు మోస్తున్న ఆడదాన్ని బోనులోంచి తీసి, తోక రెక్కలో చిన్న గాటు పెట్టి నీళ్లలో వదులుతారు. ఆ గాటు ఉన్నదాన్ని గుడ్లు లేనప్పుడు కూడా ఎవరూ ఉంచుకోకూడదు. మరీ చిన్నదాన్నీ మరీ పెద్దదాన్నీ కూడా వదిలేయాలి. బోనులో పడిన లాబ్‌స్టర్‌కు దెబ్బ తగలదు, వదిలితే తోక కొట్టుకుంటూ వెనక్కి పోతుంది. దాన్ని పారబోత అనడానికి నాకు నోరు రాదు.

*

పారేసిన చేపను పక్షులో పీతలో తింటాయి. ప్రకృతిలో వృథా అన్నది ఉండదు. మీరు అనవసరంగా బాధపడుతున్నారు. (రిటైర్డ్ ఉపాధ్యాయుడు)

మాస్టారూ, తింటాయి. బోటు వెనక ఎగిరే పక్షుల గుంపును చూస్తే పండగలా ఉంటుంది. మునిగినవాటిని అడుగున పీతలు, నక్షత్ర చేపలు ఒకటీ మిగల్చకుండా ఏరుకుంటాయి. కానీ ఆ చేప పెద్దదై గుడ్లు పెట్టాల్సింది. అది పెట్టని గుడ్లను ఏ పక్షీ తినలేదు.

ఇక పక్షుల మేలు కూడా మీరనుకున్నంత నేరుగా లేదు. స్కాట్లండ్ ఉత్తరాన షెట్లాండ్ దీవుల్లో గ్రేట్ స్కువా అనే పెద్ద పక్షి బోట్ల పారబోతకు అలవాటుపడి సంఖ్యలో బాగా పెరిగింది. పారబోత తగ్గి, సహజంగా దొరికే చిన్న చేప కూడా కరువైనప్పుడు అది పక్కనున్న ఇతర సముద్ర పక్షుల్ని చంపి తినడం ఎక్కువ చేసింది. దక్షిణాఫ్రికా దగ్గర కేప్ గానెట్లది ఇంకో కథ. వాటి సహజ ఆహారం కొవ్వుపట్టిన సార్డీన్లు, ఆంకోవీలు. అవి దొరకనప్పుడు ట్రాలర్లు వదిలేసే హేక్ ముక్కలతో పెద్ద పక్షులు నెట్టుకొచ్చాయి. ఆ సారం తక్కువ తిండి పెట్టిన పిల్లలు మాత్రం సరిగా ఎదగలేదు.

వృథా ఉండదన్న మీ మాటతో నాకు పేచీ లేదు. మిగులును పంచిపెట్టే పని బోటు చేతికి పోయిందే, దానితోనే పేచీ.

*

చట్టం చేసి ఒక్క కలం పోటుతో నిషేధించవచ్చు కదా? ఇంత చర్చ ఎందుకు? (న్యాయవాది)

చేశారు. నార్వే 1987లోనే కాడ్, హాడక్ చేపల్ని పారేయకూడదని చట్టం తెచ్చింది. తర్వాత జాతి వెంట జాతిని చేరుస్తూ పోయింది. అక్కడ అది ఎందుకు నిలబడిందంటే, చట్టంలో నిషేధం ఒక్కటే లేదు. ఒక ప్రాంతంలో వల వేసి చూసి, పిల్ల చేప పరిమితి దాటితే ఆ ప్రాంతాన్ని అప్పటికప్పుడు మూసేస్తారు, బోట్లు ఇంకో చోటికి పోవాలి. ఉండకూడని చేప పొరపాటున పడితే ఒడ్డుకు తేవాలి. పూర్తి ధర రాదు, తెచ్చిన శ్రమకు కొంత ముడుతుంది. పనిగట్టుకుని పట్టేంత కాదు, చీకట్లో పారేసేంత తక్కువా కాదు. ఆ రెండింటి మధ్య సరైన అంకె ఎవరు కనిపెట్టారో గానీ, వాళ్లు కళాసీలతో కూర్చుని మాట్లాడినవాళ్లే అయి ఉంటారని నా నమ్మకం.

ఐరోపా సమాఖ్య ఈ పని చాలా ఆలస్యంగా చేసింది. దశాబ్దాలపాటు వాళ్ల నియమం దీనికి సరిగ్గా తలకిందులు. కోటా లేని చేప బోటులో ఉంటే నేరం, నీళ్లలో పోస్తే నిర్దోషి. అంటే మొదటి ఉత్తరంలోని వీడియోలో కనిపించిన పార చట్టం చేతికిచ్చిన పార. బ్రిటన్‌లో టీవీ వంట కార్యక్రమాలతో పేరుపడ్డ హ్యూ ఫియర్న్‌లీ విటింగ్‌స్టాల్ ఆ దృశ్యాల్ని జనానికి చూపించి లక్షల సంతకాలు పోగుచేశాడు. 2013లో నియమం మారింది. 2015 నుంచి దశలవారీగా, 2019 జనవరి 1 నుంచి పూర్తిగా అమల్లోకి వచ్చింది. కోటా ఉన్న జాతులన్నిటినీ ఒడ్డుకు తేవాలి, కోటాలో లెక్క కట్టాలి. కొలతకు తక్కువవాటిని మనుషులు తినడానికి నేరుగా అమ్మకూడదు.

వినడానికి ఎంత బాగుంది! ఇప్పుడు సరంగు పక్కన కూర్చుని లెక్క చూడండి. ఒకే నీళ్లలో అయిదు జాతులు కలిసి తిరుగుతాయి. నాలుగింట్లో కోటా నిండుగా ఉంది, అయిదోదాంట్లో రెండు బుట్టలే మిగిలింది. ఆ రెండు బుట్టలూ పడిన రోజున నియమం ప్రకారం వేట ఆపేయాలి, నాలుగు జాతుల కోటా చేతిలో ఉండగానే ఇంటికి పోవాలి. పోకుండా ఉండాలంటే మూడో బుట్టను రాత్రి పూట రైలింగు అవతలికి వంపితే చాలు. చుట్టూ వంద మైళ్ల దూరంలో మనిషి లేడు. మీరు న్యాయవాది గనుక అడుగుతున్నాను, ఈ కేసులో మీకు సాక్షి ఎవరు? ఐరోపాలో ఆ నియమం కాగితం మీద ఉన్నంత గట్టిగా సముద్రం మీద లేదని ఐరోపా కమిషనే చాలాసార్లు ఒప్పుకుంది.

సాక్షిని బోటెక్కించిన చోట కథ వేరుగా నడిచింది. కెనడాలో బ్రిటిష్ కొలంబియా తీరపు అడుగు ట్రాల్ బోట్లలో ప్రతి ప్రయాణానికీ పరిశీలకుడు ఉండాల్సిందేనని 1996లో నియమం పెట్టారు. పారేసినది కూడా ఆ బోటు ఖాతాలోనే పడుతుంది. పారేసినా కోటా ఖర్చయ్యేటట్టయితే ఎవరు పారేస్తారు? ఇంకా ముందే, అలాంటి చేప ఉన్న చోట వల వేయడం మానేస్తారు. 2006లో అక్కడే గేలపు బోట్లకు కెమెరాలు బిగించారు. చిలీ 2012లో చట్టం చేసి, 2020లో పెద్ద పారిశ్రామిక బోట్లన్నిటి మీదా కెమెరాలు పెట్టించింది. కెమెరా నా ఉద్యోగాన్ని మింగింది గదా అని నాకు బాధ లేదు. దానికి సముద్రపు వాంతులు ఉండవు, మొహమాటం ఉండదు, ఎవరూ దానికి పడక ఇవ్వరు. గాలితిత్తి పగిలిందా లేదా అన్నది మాత్రం అది చెప్పలేదు.

*

కొన్ని చేపల్ని మాత్రమే పట్టి మిగిలినవాటిని వదిలేసే వల తయారు చేయలేరా? (ఇంజనీరింగ్ విద్యార్థిని)

అమ్మాయీ, నేను ఎదురుచూసిన ప్రశ్న నీది. తయారు చేశారు. తమాషా ఏమిటంటే, వాటిలో పేరున్నవి రెండూ చేపల మీద దయతో పుట్టినవి కావు, జెల్లీ చేపల మీద విసుగుతో పుట్టినవి.

జెల్లీ చేపలు వలలో పడితే సంచి బంకబంకగా, పెళ్లి పందిరంత బరువుగా తయారవుతుంది. అమెరికాలో జార్జియా రాష్ట్రానికి చెందిన సింకీ బూన్ అనే రొయ్యల వేటగాడు 1960లలో దీనికి విసిగి, వల గొంతులో ఒక ఇనుప చట్రం ఏటవాలుగా బిగించాడు. రొయ్యలు ఊచల మధ్యనుంచి సంచిలోకి పోతాయి, పెద్దవి చట్రానికి తగిలి జారి పక్కనున్న రంధ్రం గుండా బయటికి పోతాయి. జెల్లీ చేపలు పోయాయి. తాబేళ్లూ పోయాయి! ఇప్పుడు తాబేలు తప్పించే సాధనం అని ప్రపంచమంతా చెప్పుకునే దానికి తాత ఆ చట్రమే. ఊచల మధ్య దూరం నాలుగు అంగుళాలు దాటకూడదు. సరిగా బిగిస్తే వల నోట్లోకి వచ్చిన తాబేళ్లలో నూటికి 97 బయటపడతాయి. అమెరికా 1987లో తమ బోట్లకు దీన్ని తప్పనిసరి చేస్తూ నియమాలు తెచ్చింది. 1989లో, ఇలాంటి ఏర్పాటు లేని దేశాల రొయ్యల్ని కొనకూడదని చట్టం చేసింది. దాని మీద భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ ప్రపంచ వాణిజ్య సంస్థకెక్కాయి. 1998 తీర్పులో అమెరికా చట్టాన్ని అమలుచేసిన తీరు తప్పని తేలింది గానీ, తాబేళ్లను కాపాడాలన్న ఉద్దేశం తప్పని తేలలేదు.

రెండోది నార్వేలో పుట్టిన నార్డ్‌మోర్ చట్రం. దాన్నీ ఒక రొయ్యల వేటగాడే జెల్లీ చేపల పీడ వదిలించుకోవడానికి కట్టుకున్నాడు. దాని ఊచల మధ్య దూరం 19 మిల్లీమీటర్లే కాబట్టి వేలెడు మందం దాటిన చేపలు కూడా బయటికి జారిపోతాయి.

అసలు ఊచలు లేకుండానే చేయగలిగినది ఒకటుంది, నువ్వు ఇంట్లోనే చూడొచ్చు. మామూలు వల కన్ను వజ్రం ఆకారంలో ఉంటుంది. రెండు కొనలూ పట్టుకుని లాగు. కన్ను మూసుకుపోయి సన్నటి గీత అవుతుంది. బరువెక్కిన సంచి వలను లాగుతున్నప్పుడు జరిగేది ఇదే. చట్టం కన్ను కొలత ఎంత పెద్దగా పెట్టినా, నీళ్లలో అది మూతపడే ఉంటుంది, లోపలి పిల్ల చేపకు దారి లేదు. అదే వలను కాస్త తిప్పి, పోగులు లాగే దిశకు నిలువుగా అడ్డంగా వచ్చేట్టు చతురస్రపు కళ్లుగా కుట్టు. ఎంత లాగినా కన్ను తెరుచుకునే ఉంటుంది. సంచికి కాస్త ముందు, పైభాగంలో అలాంటి చతురస్రపు ముక్క ఒకటి అతికిస్తే పైకి ఈదే అలవాటున్న పిల్ల చేపలు దాని గుండా తప్పించుకుంటాయి. మొదటిసారి ఆ ముక్క ఉన్న వలనూ లేని వలనూ పక్కపక్కన లాగిన రోజున నా కొలపలక మీద పిల్ల చేపలు సగానికి సగం కూడా రాలేదు. తొందరగా పని అయిపోయి, ఆ వారంలో మొదటిసారి ఎండ ఉండగానే భోంచేశాను. సరంగు మాత్రం అమ్మదగ్గ చేప ఎంత జారిపోయిందో లెక్కవేస్తూ కూర్చున్నాడు. అతని బాధలో న్యాయం ఉంది. నువ్వు ఇంజనీరువైతే ఆ జారిపోయిన భాగం మీద పనిచెయ్యి.

*

ఎప్పుడైనా తప్పుడు లెక్క రాశారా? నిజం చెప్పండి. (పేరు రాయని ఉత్తరం)

ఒకసారి. ఆరో ఏడు. పద్దెనిమిది గంటలు వరసగా పనిచేసి, తడి కోటుతోనే పడక మీద వాలాను. రాత్రి రెండింటికి వల పైకి వచ్చిందట. నన్ను లేపవద్దని వంటవాడు అందరికీ చెప్పాడట. జాలితోనే చెప్పాడు, అనుమానం లేదు. తెల్లారి లేచేసరికి డెక్కు కడిగి తళతళలాడుతోంది. "రాత్రిది ఎంత పారేశారు?" అని అడిగితే ఒక కుర్ర కళాసీ "రెండు బుట్టలేనండీ" అన్నాడు. రెండు అని రాశాను. రాసి, టీ తాగాను.

మధ్యాహ్నం డెక్కు అంచున నీళ్లు పోయే రంధ్రం దగ్గర కాలు జారింది. వంగి చూస్తే రంధ్రం మూసుకుపోయి ఉంది. వేలు పెట్టి లాగితే ఒకటి వచ్చింది, దాని వెనక ఇంకొకటి. వేలెడంత హాడక్ పిల్లలు, తలలు ఒకేవైపు పెట్టి, కుంచె వెంట్రుకల్లా కూరుకుపోయి ఉన్నాయి. ఆ ఒక్క రంధ్రంలోనే అరవై ఒకటి వచ్చాయి. అలాంటి రంధ్రాలు డెక్కుకు ఒక్కో వైపు అయిదు. పుస్తకం తెచ్చి, రెండు అన్న అంకెను కొట్టేసి, పక్కన సంతకం పెట్టి, ‘చూడలేదు’ అని రాశాను. కుర్ర కళాసీ నా భుజం మీదుగా తొంగిచూసి, ఏమీ అనకుండా పోయి మిగతా రంధ్రాలు కడగడం మొదలుపెట్టాడు.